పదిన్నరకు రమ్మన్నదెవరు

బేరంలో నన్ను గెలవడం కష్టమని తెనాలి బజార్లో ఒక పేరుండేది. ఆ పేరును నలుగురిలోకీ తీసుకెళ్ళింది చాలామటుకు నేనే. మా నాన్నది పచారీ కొట్టు. కొట్టుకూ మా వంటింటికీ మధ్య ఒక్క గోడే కాబట్టి, అన్నం కలుపుకుంటూనే అవతల కందిపప్పు బేరం ఎంతకు తెగుతోందో వింటూ పెరిగాను. కొస విరిచి చూడనిదే బెండకాయ సంచిలో వేసుకునేదాన్ని కాదు. చీర బేరం కుదరకపోతే కొట్టు మెట్లు దిగి, చెప్పులు వేసుకోవడంలో కావాలని ఆలస్యం చేసేదాన్ని. రెండో చెప్పు తొడిగేలోపు వెనక్కి పిలిచేవారు. ఒకసారి మాత్రం ఎవరూ పిలవలేదు. ఆ చీర ఇప్పటికీ కళ్ళలో మెదులుతుంది.

ఈ నోరు చూసే నాకు ఉద్యోగం వచ్చింది. ఎనభైల చివర్లో ఒక బొంబాయి సబ్బుల కంపెనీ తెనాలిలో డిపో పెట్టింది. మొదట గుమాస్తాగా చేరాను. నాలుగేళ్ళకు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్ళ కొట్ల మీదా సూపర్‌వైజరునయ్యాను. డిపోలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. కొట్లవాళ్ళు నన్ను ఆడదానిలా చూడలేదు, మా నాన్న కూతురిలా చూశారు. అదే నా పలుకుబడి.

తొంభైల మొదట్లో ఒక రోజు కంపెనీ పెద్ద మేనేజరు తెనాలి వచ్చారు. తెలుగాయనే. బొంబాయిలో ఉండి ఉండి, మాట మధ్యలో తెలుగు కోసం ఒక్క క్షణం వెతుక్కునేవారు. హోటలు మేడ మీద హాల్లో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, కంపెనీ కొత్త పాలసీ తెచ్చిందని చెప్పారు. ఇకనుంచి లైను మీద, అంటే కొట్టు కొట్టుకూ తిరిగి ఆర్డర్లు రాసుకునే పనిలో, ఆడపిల్లల్ని పెడతారట. కులం, మతం చూడరట. ఇంతకాలం ఎవరికి తలుపులు మూశామో వాళ్ళకే ముందు తీస్తామన్నారు. రకరకాల ఆడవాళ్ళు చేతులు పట్టుకుని నిలబడ్డ బొమ్మతో కేలండరు కూడా వేయించి తెచ్చారు.

వెనక వరసలో పాత సేల్స్‌మన్ ఒకాయన లేచాడు. "కొట్లవాళ్ళు ఒప్పుకోకపోతే ఏంటి సార్?"

"ఇది డైరెక్టర్లందరూ కూర్చుని తీసుకున్న నిర్ణయమండీ. ఏం జరిగినా బాధ్యత నాది. మీది కాదు," అన్నారు మేనేజరు గారు, చేత్తో గుండె తట్టుకుని.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే. నాలాంటి ఇంకొకరు వస్తారన్న సంతోషం నిజమే. కొత్త పాలసీకి తోడుగా నా జీతం కూడా కదలొచ్చన్న ఆశ కూడా అంతే నిజం.

మనిషిని వెతికే పని నాకే అప్పజెప్పారు. రేపల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివింది. తండ్రి మిషన్ బడిలో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తాత వరకూ పొలం కూలీలే. బల్ల మీదున్న సబ్బు ఆమె ముందుకు జరిపి, దీన్ని నాకు అమ్మమన్నాను.

"మీరు ఈ సబ్బే వాడతారాండి?" అంది.

"లేదు."

"మరి ముందు మీరెందుకు వాడటం లేదో చెప్పండి. తర్వాత నేను అమ్ముతాను."

నన్ను నా బల్ల దగ్గరే బేరంలో పెట్టిన పిల్లను వదులుకుంటానా. ఆరు నెలలు చూసి, పని బాగుంటే ఖాయం చేస్తామని కాగితం ఇచ్చాం. ఇంటి మొత్తంలో నెలజీతం మీద కంపెనీలో చేరిన మొదటి ఆడపిల్లనని, ఆ ఆరు నెలలూ దాటితే తన చెల్లెల్ని టైపు నేర్పించడానికి తెనాలి పంపుతానని చెప్పింది. నన్ను మేడమ్ అనకుండా అక్కా అని పిలవమన్నాను. అదొక్కటే నేను బేరం లేకుండా ఇచ్చింది.

ఆమెకు బాపట్ల లైను ఇచ్చాం. రేపల్లెలో పొద్దున్నే ప్యాసింజరెక్కి తెనాలిలో దిగి, ఇంకో బండి పట్టుకుని బాపట్ల చేరేసరికి ఎనిమిదిన్నర. ఆ బండి తప్పితే మళ్ళీ మధ్యాహ్నమే.

మొదటివారం నేను కూడా వెళ్ళాను. బాపట్లలో మా సరుకు ఎక్కువగా తీసుకునే హోల్‌సేల్ కొట్టు ఒకటుంది. ఆ కొట్టాయన చెప్తే మిగతా కొట్లు వింటాయి. మా నాన్నకు పాత స్నేహితుడు, నాకు బాబాయి వరస. ఇద్దరం వెళ్ళేసరికి దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతున్నాడు. లోపల బెంచీ మీద టీపొడి కంపెనీ సేల్స్‌మన్ కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఇంకా బోణీ కాలేదమ్మా," అన్నాడు బాబాయి. నా వంక చూసి కాదు, ఆమె వంక కూడా కాదు, మా ఇద్దరి మధ్య ఉన్న గుమ్మం వంక చూసి.

మా బజార్లో బోణీ అంటే రోజు మొత్తానికి పునాది. పొద్దున మొదట వచ్చినవాడు వట్టి చేతులతో పోకూడదు. వాడి చేతి డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తారు. ఆ లోపు గల్లాలోంచి పైసా తీయరు. ఇదంతా అందరికీ ఒకటే. కానీ బోణీకి ముందు ఎవరు గుమ్మంలోకి రావచ్చు, ఎవరి ముఖం కనిపిస్తే ఆ రోజు బేరం పోతుంది అన్న లెక్క వేరే ఉంది. దాన్నెవరూ పైకి చెప్పరు. గోడ అవతల పెరిగాను కాబట్టి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె వీధిలో నిలబడింది. నన్ను లోపలికి పిలిచి బాబాయి గొంతు తగ్గించాడు. "మీ నాన్నని చూసి చెప్తన్నా. ఆ పిల్లని పొద్దున్నే పంపమాక."

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకేంటి? నీకు తెలీదా?"

"ఆ టీపొడాయన మీ బోణీకి ముందే కాఫీ తాగుతున్నాడుగా."

"ఆయన సంగతి వేరు. ఏంటమ్మా, కొట్లో పుట్టినదానివి, నాకు చెప్తన్నావా? కావాలంటే మజ్జానం రమ్మను."

మధ్యాహ్నం కొట్లు మూసి భోజనాలకు పోతారు. అప్పుడు వచ్చి ఏం చేస్తుంది? నేను బేరానికి దిగాను. మధ్యాహ్నం కాదు, తొమ్మిదిన్నర అన్నాను. పన్నెండు అన్నాడు. చివరికి పదిన్నర దగ్గర తెగింది. పదిన్నర తర్వాత వస్తే గుమ్మం బయట కాదు, లోపలికి రావాలి. స్టూలు వేయాలి. కాఫీ అందరి గ్లాసులోనే ఇవ్వాలి. అన్నింటికీ తలాడించాడు. బాబాయి ఒప్పుకుంటే బాపట్ల అంతా ఒప్పుకున్నట్టే. గెలిచాననుకున్నాను. ఒక స్టూలు, ఒక గ్లాసు సంపాదించి, ఆ పిల్ల పొద్దుటి రెండు గంటలూ ఇచ్చేసి వచ్చాను.

ఆ రోజే బూత్ నుంచి బొంబాయికి ఫోన్ చేసి మేనేజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. బోణీ సంగతి, పదిన్నర సంగతి, అన్నీ.

"చాలా బాగా సర్దావమ్మా. ఇవన్నీ లోకల్ విషయాలు, నువ్వే చూసుకోవాలి. నాకు చెప్పావుగా, చాలు," అన్నారు.

"లెటర్ రాయమంటారా సార్?"

"ఎందుకు? మన మధ్య కాగితాలేంటి."

ఆ మాటకు పొంగిపోయాను. మన మధ్య అన్నారు, బొంబాయి మనిషి.

ఆ అమ్మాయికి మాత్రం నిజం చెప్పలేకపోయాను. సరుకు వ్యాను బాపట్లకు పదింటికి గానీ రాదు, పదిన్నరకు లైను మొదలుపెట్టు అన్నాను.

"మరి బండి ఎనిమిదిన్నరకే దించుద్దిగా అక్కా. అప్పటిదాకా ఏం చెయ్యను?"

"స్టేషన్లో కూర్చో. ఏదన్నా చదువుకో."

కూర్చుంది. వర్షాకాలమంతా, చలికాలం సగం దాకా, ప్లాట్‌ఫాం బెంచీ మీద రెండేసి గంటలు కూర్చుంది. ఆమె కొట్లకు చేరేసరికి మిగతా కంపెనీల వాళ్ళు ఆర్డర్లు పట్టుకుని వెళ్ళిపోయేవారు. పన్నెండున్నరకు ఒక్కొక్క కొట్టే తలుపులు వేసేది. పరుగెత్తేది. అలా పరుగెత్తి కూడా కంపెనీ అడిగినదానికి కాస్త తక్కువలో ఆగిపోయేది. "పుంజుకుంటుంది సార్, పూచీ నాది," అని ప్రతి నెలా ఫోన్‌లో చెప్పేదాన్ని. "నాకు తెలుసుగా," అనేవారాయన.

నాలుగో నెలలో ఆయనే ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని బాపట్ల వచ్చారు. పదకొండింటికి బాబాయి కొట్లో ఫొటో తీశారు. బాబాయి నవ్వుతూ ఆమెకు కాఫీ గ్లాసు అందిస్తున్నాడు. వెనక గోడకు కంపెనీ కేలండరు. కంపెనీ పత్రికలో అట్ట మీదే వేశారు. లోపల మేనేజరు గారి మాటలు రెండు పేజీలు. నాకొక కాపీ వచ్చింది. మా నాన్న కొట్లో వచ్చినవాళ్ళందరికీ చూపించాను. అందులో నేను లేను. నా మోచేయి ఉంది.

అయిదో నెలలో ఒక పొద్దున ఆమె స్టేషన్ బయట టిఫిన్ చేద్దామని వచ్చి, ఎదురుగా మా వ్యాను ఆగి ఉండటం చూసింది. డ్రైవరుని అడిగితే, రోజూ ఎనిమిదిన్నరకే వస్తామమ్మా అన్నాడట. సరే, వ్యాను వచ్చిందిగా అని తిన్నగా బాబాయి కొట్టుకు వెళ్ళింది. నమస్కారం పెట్టి గల్లాపెట్టె పక్కన ఆర్డరు పుస్తకం పెట్టింది. బోణీ కాలేదు.

బాబాయి కొట్లో కుర్రాణ్ణి పిలిచాడు. పుస్తకాన్ని చీపురు కొసతో పక్కకు తోయించాడు. ఆమె అక్కడ ఉండగానే గుమ్మం కడిగించాడు. ఆరిపోయిన అగరొత్తులు పారేసి కొత్తవి వెలిగించాడు.

సాయంత్రం తెనాలి డిపోకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. "వ్యాను ఎనిమిదిన్నరకే వస్తందంటగా అక్కా."

"ఈమధ్యే టైము మారింది," అన్నాను.

ఆమె నా ముఖం వంక చూసింది. గుమ్మం కడిగించిన సంగతి పూసగుచ్చినట్టు చెప్పి, "పాలసీ అన్నారుగా. బొంబాయికే రాస్తాను," అంది. రాసింది. అందులో నా గురించి ఒక్క ముక్క లేదని తర్వాత తెలిసింది.

ఆ ఉత్తరం బొంబాయి చేరేలోపే బాపట్ల కొట్లన్నీ మా సరుకు ఆపేశాయి. వారం తిరక్కుండా తెనాలిలో సగం, రేపల్లెలో సగం ఆపాయి. మేనేజరు గారు వచ్చారు. ముందు బాపట్ల వెళ్ళి బాబాయితో గంటసేపు కూర్చున్నారట. తర్వాత తెనాలిలో దిగిన హోటలుకు నన్ను పిలిపించారు. బల్ల మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది, ఇంగ్లీషులో.

"చదువు. ఎవరి మీదా నింద లేదు. రేపల్లె నుంచి రావాలి కాబట్టి, ఆ అమ్మాయి వీలు కోసం, ఆమె అడిగితేనే టైము పదిన్నరకు మార్చానని ఉంది. అంతే."

"ఆమె అడగలేదు సార్. మీకు చెప్పానుగా."

"చెప్పావు. నేను మర్చిపోలేదు. కానీ డైరెక్టర్ల దగ్గర బోణీ, ముఖం అంటే పాలసీ పేరేమవుతుంది? పాలసీయే పోతే ఇలాంటి అమ్మాయిలు ఇంకో పదిమందికి ఎవరిస్తారు ఉద్యోగం? ఆలోచించు."

నేను ఆలోచించింది వేరు. ఇదీ ఒక బేరమే, నేనూ ఏదో ఒకటి అడగాలి. "ఆమె ఉద్యోగం ఖాయం చేయాలి సార్. బాపట్ల కాకపోతే గుంటూరు డిపోలో వేయండి."

"వేయిస్తాను."

"ముందు ఆ కాగితం ఇవ్వండి."

ఆయన నవ్వారు. "నా మాట కన్నా కాగితం ఎక్కువా అమ్మా?"

బెండకాయను నమ్మనిదాన్ని, ఆయన్ని నమ్మాను. సంతకం పెట్టాను. మెట్లు దిగుతూ, గుంటూరు సాధించాను అని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

పదిరోజులకు ఆమెకు ఉత్తరం వెళ్ళింది. నాకు కాపీ రాలేదు. డిపోలో గుమాస్తా చెప్తే తెలిసి, ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్ళాను. పేటలో చర్చి వెనక పెంకుటిల్లు. మాస్టారు అరుగు మీద కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఉత్తరం నా చేతిలో పెట్టారు. ఆమె గుమ్మంలో నిలబడింది. చెల్లెలు లోపలినుంచి చూస్తోంది.

పని సమయాలు తన వీలు కోసం కుదించుకున్నందువల్ల ఆశించిన ఫలితాలు చూపలేదు, కాబట్టి ఖాయం చేయలేకపోతున్నాం అని ఉంది. అందరికీ సమాన అవకాశాలన్న పాలసీకి కంపెనీ కట్టుబడి ఉందని ఇంకో పేరా. కింద నేను సంతకం చేసిన కాగితం జిరాక్సు.

"ఇది మీ సంతకమేనా అమ్మా?" అన్నారు మాస్టారు. కోపం లేదు. బళ్ళో పిల్లను అడిగినట్టు అడిగారు.

"నాదేనండి."

"టైము మార్చమని నేనెప్పుడడిగానక్కా?" అందామె.

"అడగలేదు."

"మరి ఎవరు మార్చారు?"

అప్పుడు చెప్పాను. బాబాయి, బోణీ, స్టూలు, కాఫీ గ్లాసు, పదిన్నర, వ్యాను అబద్ధం. సార్‌కి ఫోన్ చేసి చెప్పిన సంగతి, గుంటూరు మాట. చెప్తుంటే నాకే వినబడింది, కొట్లో సరుకు గొప్పలు చెప్పినట్టు నా కష్టం గొప్పలు చెప్పుకుంటున్నానని. నన్ను ఆయన నిలువునా ముంచాడని అనబోయి, ఎదురుగా ఉన్నది ఎవరో చూసి ఆగిపోయాను.

"ఆ రెండు గంటలూ స్టేషన్లో నన్ను రోజూ ఒక పోర్టరు అడిగేవాడక్కా, ఎవరి కోసం చూస్తన్నావమ్మా అని," అంది.

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అడగలేదన్న ఆ ముక్క రాసివ్వండమ్మా. బొంబాయికి పంపుతాం."

నా నోట వెంటనే వచ్చిన మాట ఇది: "ఒకసారి సార్‌తో మాట్లాడి, సోమవారం రాసిస్తానండి."

"వద్దులే నాన్నా," అంది ఆమె. "అక్కకి గిట్టుబాటు కాదు. ట్రైనుకి టైమవుద్ది, వెళ్ళనివ్వు."

ఆ మాట తగిలి రాశాను. చెల్లెలు తెచ్చిన నోటుపుస్తకం కాగితం మీద, తెలుగులో. ఆమె అడగలేదని, కొట్లవాళ్ళు ఒప్పుకోక నేనే పదిన్నరకు మార్చానని, ఆమెకు అబద్ధం చెప్పానని. సంతకం పెట్టి మాస్టారికిచ్చాను. ఆయన చదివి కూతురికిచ్చారు. ఆమె చివరిదాకా చదివి తలెత్తింది.

"ఫోన్‌లో సార్‌కి చెప్పానన్నారుగా. అది రాయలేదేంటి?"

"ముందు నీ ఉద్యోగం రానీ. ఆయన్ని కూడా ఇరికిస్తే పని చేసిపెట్టేవాళ్ళెవరుంటారు మనకి? ఆయన్ని చేతిలో ఉంచుకుందాం."

ఆమె కాగితం మడిచి తండ్రికిచ్చి లోపలికి వెళ్ళింది. నన్ను పంపడానికి మాస్టారొక్కరే వీధి మలుపు దాకా వచ్చారు.

నెల దాటాక బొంబాయి నుంచి రెండు కవర్లు వచ్చాయి. రేపల్లె కవర్లో, జరిగినదానికి కంపెనీ విచారిస్తోందని, ఆ ఉద్యోగం ఇప్పుడు ఖాళీగా లేదని. నా కవర్లో, కంపెనీ పాలసీకి విరుద్ధంగా, సొంతంగా నడుచుకున్నట్టు నేనే రాతపూర్వకంగా ఒప్పుకున్నందున నన్ను తీసేస్తున్నామని. వాళ్ళు అబద్ధం రాయలేదు. నేను రాసిన కాగితంలో ఎంత ఉందో అంతే రాశారు. నేను దాచిపెట్టింది వాళ్ళకు పనికొచ్చింది.

డిపో తాళాలు అప్పజెప్పే రోజు మేనేజరు గారి ఫోన్ వచ్చింది. "నన్ను అడగకుండా అలా రాసిస్తావనుకోలేదమ్మా. ఎంత నమ్మాను నిన్ను," అన్నారు. ఆ గొంతులో బాధ నిజమే. అందుకే ఇన్నేళ్ళయినా గుర్తుంది.

"ఫోన్‌లో మీకు చెప్పింది ఇప్పుడన్నా రాస్తాను సార్," అన్నాను.

"రాయి. నాకు చెప్పినట్టు కాగితం ఏదమ్మా మరి?" అన్నారు మెల్లగా.

రాశాను. మూడు ఉత్తరాలు డైరెక్టర్లకే రాశాను. జవాబు రాలేదు. ఆ ఏడాది పత్రికలో ఆయన ఫొటో మళ్ళీ వచ్చిందని, హోదా పెరిగిందని గుమాస్తా చెప్పాడు. బాపట్ల లైనుకు మగవాణ్ణి వేశారు. అతను బోణీకి ముందే వెళ్ళి బాబాయి బెంచీ మీద కాఫీ తాగేవాడు.

నాలుగో ఉత్తరం రాసి, దాన్ని ఈసారి ఆమెకు చూపించి పంపుదామని రేపల్లె వెళ్ళాను. ఆమె ట్యూషన్ చెప్తోంది. పిల్లల్ని ఇంటికి పంపలేదు, ఎక్కం మాత్రం ఆపించింది. గుమ్మం దాకా వచ్చి, ఉత్తరం అందుకుని, నిలబడే చదివింది. ఫోన్ సంగతి ఉందా అని వేలితో వెతికింది. ఉంది.

"ఇప్పుడు సరిగ్గా ఉందక్కా," అంది. తిరిగి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. పిల్లలు ఎక్కం ఆపిన చోటినుంచి మళ్ళీ అందుకున్నారు.